మా పాటలో చనిపోయిన మనిషి

మా మామ నాతో మాట్లాడటం మానేసిన వారమే మా పాట ఆదోని టీ హోటళ్లలో మోగడం మొదలైంది. మానేయడమంటే పూర్తిగా కాదు. భోజనం దగ్గర నేను పక్కనే కూర్చుని ఉండగా అత్త వైపు చూసి, "దేవుని ముందర పాడే గొంతును తీసుకపోయి మిల్లుకు తాకట్టు పెట్టిందంట. ఏంటికో అడుగు," అనేవాడు. అత్త అడిగేది కాదు. నేను చెప్పేదాన్ని కాదు. పప్పు గిన్నె మాత్రం నా వైపుకు కాస్త గట్టిగా జరిగేది.

ఎనభైల మధ్యలో సంగతి ఇది. మాది మంత్రాలయం పక్కన పల్లె. తాతల నుంచి గుడి సేవ చేసుకుంటూ వచ్చిన ఇల్లు. నాన్న పోయాక మామ నన్ను ఎమ్మిగనూరుకు తెచ్చి, తాను సంస్కృతం చెప్పే బడిలోనే చిన్న తరగతులకు టీచరుగా పెట్టించాడు. నాన్న దగ్గర నేర్చుకున్న కీర్తనలు శనివారం సాయంత్రాలు గుళ్లో పాడేదాన్ని. ఆదివారం పొద్దున్నే ఆదోని బస్సెక్కేదాన్ని. కుట్టుమిషను నేర్చుకోవడానికని ఇంట్లో చెప్పాను. ఇప్పటికీ నాకు గుండీ కుట్టడం సరిగా రాదు.

ఆదోనిలో నేను వెళ్లేది స్టేషన్ రోడ్డులో ఒక రేడియో రిపేరు దుకాణానికి. దుకాణం నడిపే ఆయనను నేను అన్నా అని పిలిచేదాన్ని. అప్పటిదాకా పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాకు మైకులు కట్టేవాడు. అదే ఆర్కెస్ట్రాలో ఒక పత్తి దళారీ కొడుకు ఎలక్ట్రానిక్ కీబోర్డు వాయించేవాడు. బొంబాయి నుంచి వాళ్ల బంధువు తెచ్చిచ్చిన కీబోర్డు అది. ఊళ్లో అలాంటిది ఇంకోటి లేదు. మా బడి వార్షికోత్సవానికి ఆర్కెస్ట్రా వచ్చినప్పుడు నేను ప్రార్థన పాడితే వీళ్లిద్దరూ విన్నారు. సొంత పాటలు చేద్దాం, నువ్వు పాడతావా అని అడిగారు. ఆర్కెస్ట్రా యజమాని పక్కనే ఉన్నాడు.

"సినిమా పాట కాకుంటే మనుషులు కాదు గదా, కుర్చీలు గూడ ఇనవు. పోండి. మళ్ల నా కాడికి రావాకండి," అన్నాడాయన.

అట్లా ముగ్గురం ఒకటయ్యాం. మాకు తబలా లేదు, డోలు లేదు. అన్న పాత రేడియోల లోపలి సామానుతో ఒక డబ్బా తయారు చేశాడు. దాని మీట నొక్కితే దడదడమని దెబ్బ ఆగకుండా పడేది. పక్కనున్న మర తిప్పితే ఆ దెబ్బ వెనక సన్నటి ఈల సాగేది. మొదటిసారి విన్నప్పుడు నాకు తల నొప్పి పుట్టింది. రెండోసారి వినేసరికి ఆ దెబ్బకు తగ్గట్టు ఊపిరి తీసుకుంటున్నాను.

పాటకు మాటలు కావాలి. ఆ రోజుల్లోనే ఒక వారపత్రికలో ఆదోని కథ ఒకటి పడింది. రాసినాయన ఆదోనిలోనే కాలేజీలో లెక్చరరు. పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పనిచేసే ఒకామె చెయ్యి బెల్టులో పడి పోతుంది. తప్పు ఆమెదేనని మిల్లువాళ్లు తేలుస్తారు. ఇంట్లో ఆమెకున్నది ఒక మేక. చివరికి ఆ మేకను పక్కింటి గుంజకు కట్టేసి, ఆమె బావిలో దూకుతుంది. నేను బస్సులో చదివాను. పక్కసీటామె, "ఎవురన్నా పోయినారా పాపా?" అని అడిగేంతగా ఏడ్చాను.

అనుమతి కోసం ముగ్గురం రచయిత ఇంటికి వెళ్లాం. ఆయన కీబోర్డు వైపు చూసి, "నా కథకు ఈ పీపీ వాయిద్యమా?" అన్నాడు. అయినా ఒప్పుకున్నాడు. మాటలు నేను కట్టాను. ప్రతి ఆదివారం ఆయన దుకాణానికి వచ్చి, ఉన్న ఒక్క మంచి కుర్చీలో కూర్చుని, నా నోట్లోంచి మాట వచ్చేలోపలే తప్పు పట్టేవాడు.

"గుడి గొంతు, గుడి గొంతు. హారతి ఇస్తున్నావా? చెయ్యి పోయిందమ్మా ఆమెకు!"

ముగింపు మాత్రం ఒక్క మాట మార్చకూడదని షరతు పెట్టాడు. అందుకే పాట ఇట్లా ఆగేది:

*బావి గట్టున గాజులు మిగిలె,*
*బావి నీళ్లలో బొమ్మ కరిగె.*

అన్న మిల్లు గోడ బయట టేప్ రికార్డరు పట్టుకుని నిలబడి జిన్నుల చప్పుడు పట్టుకొచ్చాడు. వాచ్‌మన్ తరిమితే చెప్పులు అక్కడే వదిలేసి వచ్చాడు. బళ్లారిలో ఒక స్టూడియోలో పాట రికార్డు చేశాం. క్యాసెట్టుకు ఒక వైపు పాట, రెండో వైపు గొంతు లేకుండా ఉత్త వాయిద్యం. అన్న దుకాణంలోనే కాపీలు తీసి హోటళ్లకు, పాన్ డబ్బాలకు ఇచ్చాడు.

ఊరు మమ్మల్ని మెచ్చలేదు. పిండి మరకు జలుబు చేసినట్టుంది అని ఆర్కెస్ట్రా యజమాని బజార్లో చెప్పుకుంటూ తిరిగాడు. కీబోర్డు అబ్బాయి తండ్రి, "మిల్లు దూది మీద పండుకుంటావు, మిల్లు మీదనే పాట కడతావా? ఆ పెట్టె పగలగొడతా," అన్నాడంట. మా మామ సంగతి చెప్పాను. అయినా పాట మోగింది. మిల్లు వదిలాక టీ తాగడానికి వచ్చే వాళ్లు మళ్లీ పెట్టమని అడిగేవాళ్లట. అన్న ఆ మాట చెప్పిన ఆదివారం నాకు తిరుగుబస్సులో నిలబడి వచ్చినా కాళ్లు నొయ్యలేదు.

ఆ సంతోషం పట్టుమని నెల నిలవలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఒకామె దుకాణం ముందుకొచ్చి నిలబడింది. నలభై ఏళ్లుంటాయేమో. పొడుగు మనిషి. ఎడమ రవికె చెయ్యి మోచేతి పైన ముడి వేసి ఉంది.

"ఆ మిల్లు పాట పాడిందెవురు?"

అన్న ఆమె క్యాసెట్టు కోసం వచ్చిందనుకున్నాడు. "ఈ టీచరమ్మేనక్కా. ఒకటి ఇయ్యల్నా?"

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "నన్ను ఏంటికి సంపినావు?"

మాకు అర్థం కాలేదు. ఆమె ముడి వేసిన చెయ్యిని ముందుకు చాపింది.

"నాకు పోయింది ఇదొక్కటి. నేను యా బాయిలోనూ పడలే. బాయి కాడికి పోతే బిందె నింపుకోని వస్తాండా. మార్కెట్ యార్డు కాడ బజ్జీలు కాలుస్తాండా. మీరేమో నేను సచ్చిపోయినానని ఊరంతా మైకులో సెప్తాండారు!"

"అది మీ గురించి కాదమ్మా. అది కథ," అన్నాడు కీబోర్డు అబ్బాయి.

"కథంట! మిల్లు నాది. సెయ్యి నాది. మా ఇంట్లో మేక గూడ ఉండాది గదప్పా ఆ పాటలో. సావు ఒకటే కథనా?"

ఎదురు దుకాణంవాళ్లు బయటికొచ్చి చూస్తున్నారు. ఆమె గొంతు తగ్గించలేదు. దేవనకొండలో ఉన్న ఆమె చెల్లెలికి ఎవరో చెప్పారట, మీ అక్క మీద పాట వచ్చింది, బావిలో పడిందంట అని. ఆ చెల్లెలు బస్సు దిగి గుండెలు బాదుకుంటూ యార్డు దగ్గరికి వచ్చింది.

"ఈడ నేను బజ్జీలు తిరగేస్తాండా. నన్ను జూసి, ఏడుపు ఆపల్నో ఏడవల్నో తెలీక అట్లనే కింద పడిపోయింది. దాని మొగానికి నీళ్లు సల్లేలోపల వాయి వాయంతా మాడిపోయింది. ఇంగ వీధిలో పిల్లోళ్లు. నేను పోతాంటే ఎనకాల బాయి, బాయి అని పాడతారు. ఏం, నవ్వుతాండావా?"

అన్న నిజంగానే నవ్వాడు, బజ్జీలు మాడిపోయాయన్న మాట దగ్గర. ఆమె కౌంటరు మీదున్న రేడియోను కుడిచేత్తో ఒక్క తోపు తోసింది. అది కింద పడి పగిలింది.

అప్పుడు చెప్పింది. చెయ్యి తీసేసి ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్కవీధి లెక్చరరు రోజూ రొట్టె తీసుకుని వచ్చేవాడట. పక్కన కూర్చుని అన్నీ అడిగేవాడట. మేకకు పేరుందా అని కూడా అడిగాడట.

"నాకు దిక్కు లేదని వచ్చినాడు, మంచోడు అనుకున్యా. నా సావు రాసుకోను వచ్చినాడని నాకేం తెల్సు?" వెళ్లబోతూ మళ్లీ నా వైపు తిరిగింది. "ఆ పాట ఆపు. ఆపకుంటే మీ ఇస్కూలు కాడికి వస్తా. పిల్లోళ్ల ముందరనే అడుగుతా."

ఆ సాయంత్రమే నేను, అన్న కలిసి రచయిత ఇంటికి వెళ్లాం. కీబోర్డు అబ్బాయి రానన్నాడు. రచయిత వరండాలో పడక కుర్చీలో ఉన్నాడు. కూర్చోమనలేదు.

"ఆమె వచ్చింది సార్," అన్నాను.

"ఎవరు?"

"మీ కథలో చచ్చిపోయినామె."

ఆయన ఏమీ తడబడలేదు. "ఎట్లుంది?"

"బజ్జీలు అమ్ముతూ ఉంది. పాట ఆపమంటోంది. చెల్లెలు మూర్ఛపోయిందంట. ముగింపు మార్చి పాడదాం సార్. బతికినట్టు."

"బజ్జీలు అమ్ముకునే మనిషి గురించి ఎవరు చదువుతారమ్మా? ఉన్నది ఉన్నట్టు రాస్తే అది పేపర్లో వార్త. ఆమె చచ్చిపోతేనే చదివినవాడికి మిల్లు మీద మండుతుంది. నీకు మండలేదా? బస్సులో ఏడ్చినానని నువ్వే చెప్పినావే!"

"ఆమెకు మండుతోంది సార్. మిల్లు మీద కాదు, మన మీద."

"అది ఆమె అజ్ఞానం."

ఆ మాటతో నాకు ఒళ్లు తెలియలేదు. "రోజూ రొట్టె పెట్టి అడిగినప్పుడు అజ్ఞానం కాదా సార్?" అన్నాను. అన్న నా కొంగు పట్టి లాగాడు.

రచయిత లేచి నిలబడ్డాడు. "గుళ్లో భజన చేసుకునే దానివి. నీకు సాహిత్యం నేను నేర్పినాను. వచ్చే వారం ఎమ్మిగనూరులో నాకు సన్మానం. అక్కడ మీరు పాట పాడుతున్నారు. ఉన్నది ఉన్నట్టు పాడితే పాడు. ఒక్క అక్షరం మారినా అక్కడే లేచి మీ పరువు తీస్తా."

తిరుగుబస్సు ఆదోని దాటక ముందే కొత్త చరణం వచ్చేసింది. నాకు అంత త్వరగా ఏ పాటా రాలేదు. కోపంలో వచ్చింది కాబట్టే వచ్చిందనుకుంటాను.

సన్మానసభ ఎమ్మిగనూరులో చేనేతవాళ్ల సంఘం హాల్లో, సాయంత్రం. బజ్జీలామెకు అన్నతో కబురు పంపాను, వచ్చి వినమని. "నాకేం పని లేదా?" అందట. రచయిత పట్టుశాలువాతో వేదిక మీద కూర్చున్నాడు. రెండో వరసలో మా మామ. నిర్వాహకులు ఆయనకు స్నేహితులు. నేను పాడబోతున్నానని ఆయనకు అక్కడికి వచ్చాకే తెలిసింది. లేచి వెళ్లిపోతే నలుగురూ చూస్తారని కూర్చుండిపోయాడు.

కొత్త చరణం సంగతి మిగతా ఇద్దరికీ చెప్పాను. అన్న సరేనన్నాడు. కీబోర్డు అబ్బాయి, "పాటను సెడగొడతాండావు. ఆ బాయి మాట కాడ నా కీబోర్డు సుర్రుమనే సుతి ఎంత బాగుంటుందో నీకు తెలీదు," అన్నాడు. అయినా వాయించాడు. డబ్బా దడదడలాడింది. మొదటి చరణాలకు హాలు నిశ్శబ్దంగా ఉంది. రచయిత కళ్లు మూసుకుని తలాడిస్తున్నాడు. చివరికి వచ్చాను.

*బావి కాడికి పోలేదు నేను,*
*బతికే ఉండా, మీ ఎదురుగ ఉండా.*

ఆయన కళ్లు తెరిచాడు. నేను ఆయన వైపే తిరిగి రెండోసారి పాడాను. మూడోసారీ పాడాను. ఆయన లేచి వచ్చి నా చేతిలోని మైకు లాక్కున్నాడు.

"ఇది నా కథ కాదు! వినండి, ఇది నా కథ కాదు. ఆమె చచ్చిపోయింది! నేనే చంపినాను ఆమెను!"

వెనక వరసలోంచి ఎవరో అరిచారు, "అట్లయితే పోలీసులను పిలవండప్పా!" హాలంతా నవ్వు. పిల్లలు బల్లలు చరిచారు. రచయిత మొహం జేవురించింది. వంగి డబ్బా వైరు పట్టుకుని పీకాడు. అది చెవులు చిల్లులు పడేలా కీచుమని ఆగిపోయింది. అన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు. రచయిత అన్నను చెంప మీద కొట్టాడు. అన్న తిరిగి కొట్టబోతే నిర్వాహకులు అడ్డం పడ్డారు. శాలువా ఎవరి కాళ్ల కిందనో నలిగింది. దండ తెగింది. కీబోర్డు అబ్బాయి తన కీబోర్డును గుండెకు హత్తుకుని పక్క తలుపులోంచి జారుకున్నాడు.

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు మామ చాలా రోజులకు నాతో నేరుగా మాట్లాడాడు.

"రేపట్నుంచి గుళ్లో పాడొద్దు."

"సరే," అన్నాను.

"సరేనంట! బతిమలాడతావనుకున్యా."

"లేదు మామా."

మర్నెల్లో నేను వేరే గది తీసుకున్నాను. అత్త ఒక సంచిలో బియ్యం పోసిచ్చి, మామ చూడకముందే పొమ్మంది.

కొత్త ముగింపుతో పాటను అన్న దుకాణంలోనే తలుపులు మూసుకుని మళ్లీ రికార్డు చేశాం. కీబోర్డు అబ్బాయి ముఖం ముడుచుకునే వాయించాడు. మొదటి కాపీ నేనే తీసుకుని మార్కెట్ యార్డు దగ్గరికి వెళ్లాను. ఆ మనిషి కోసం మామతో తెగతెంపులు చేసుకున్నాను, ఒక పెద్దమనిషిని సభలో ఎదిరించాను, అన్న చెంపదెబ్బ తిన్నాడు. ఆమె ఏమంటుందో వినాలని గబగబా నడిచాను.

బండి దగ్గర హమాలీలు ఆరేడుగురు నిలబడి బొరుగుల ఉగ్గాని, బజ్జీ తింటున్నారు. ఆమె ఒంటిచేత్తో మిరపకాయను పిండిలో ముంచి నూనెలోకి వదులుతోంది. నన్ను గుర్తుపట్టింది. పక్క టీ హోటలు ఆయనను అడిగి క్యాసెట్టు పెట్టించాను. పాట మొదలుకాగానే హమాలీలు ఆమె వైపు చూశారు. ఆమె జల్లిగంటె ఆడిస్తూనే ఉంది. "బతికే ఉండా, మీ ఎదురుగ ఉండా" అని నా గొంతు వచ్చేసరికి ఒక హమాలీ, "అక్కా, బతికించినారు నిన్ను!" అని ఈల వేశాడు.

ఆమె జల్లిగంటెను పళ్లెంలోకి విసిరింది.

"నేను నీకేం సెప్పినా? పాట ఆపమన్యానా, ఇంగొకటి కట్టమన్యానా?"

"మీరు బతికున్నారని అందరికీ తెలియాలని..."

"నేను బతికుండేది నీ పాటతో తెలియల్నా? కండ్లు లేవా ఈళ్లకు? మొన్నటి దాకా సచ్చిపోయినామె అన్యారు, ఇంగ బతికొచ్చినామె అంటారు. నన్ను ఉత్త బజ్జీలామెగా ఉండనియ్యరా మీరు?"

"మీ కోసం నేను మా మామ ఇల్లు వదిలిపెట్టి వచ్చాను," అన్నాను. నా గొంతు కూడా లేచింది.

"నేను వదలమన్యానా? పో తల్లీ. పొద్దున్నే బేరం సెడగొట్టవాకు. ఆ గొంతు గూడ ఏం గొంతు, ముక్కుతో పాడతావు."

హమాలీలు నవ్వారు. నేను క్యాసెట్టు తీసుకోకుండానే వచ్చేశాను. ఆమె అన్నది న్యాయమేనని తర్వాత చాలామంది నాకు చెప్పారు. అయి ఉండవచ్చు. కానీ అందరి ముందు నన్ను అట్లా అన్నందుకు ఆమె మీద నా కోపం ఇప్పటికీ పోలేదు. పోగొట్టుకోవాలని నేను ప్రయత్నం కూడా చేయలేదు.

దుకాణానికి వచ్చి చెబితే ముగ్గురి మధ్య గొడవ ముదిరింది. అన్న రెండు పాటలూ వెనక్కి తెచ్చేద్దాం అన్నాడు. నేను కొత్తది ఉంచాలన్నాను. కీబోర్డు అబ్బాయి పాతదే ఉంచాలన్నాడు, సంగీతం అందులోనే ఉందన్నాడు.

"ఆయమ్మ రేపు నిజంగానే బాయిలో పడితే నీ సంగీతం ఏం సేస్తుంది?" అని అన్న అడిగాడు.

"అప్పుడు పాత పాట సరిపోతుంది గదన్నా," అన్నాడు వాడు.

అన్న వాణ్ణి మెడపట్టి బయటికి గెంటాడు. కీబోర్డును నేనే తీసుకెళ్లి వాడి చేతికిచ్చాను. వాడు థ్యాంక్స్ కూడా చెప్పలేదు. ఏడాది తిరక్కముందే తండ్రితో పాటు యార్డులో పత్తి బేరాలకు కూర్చున్నాడు. ఎదురుపడితే నేనే తల తిప్పుకునేదాన్ని. అన్న హోటలు హోటలుకూ తిరిగి, సినిమా పాటల క్యాసెట్లు బదులిచ్చి మా పాటను వెనక్కి తెచ్చాడు. అన్నీ దొరకలేదు. ఒక లారీ డ్రైవరు దగ్గరున్నది రాయచూరు దాకా పోయిందని తర్వాత తెలిసింది. రచయిత ఆ కథను పుస్తకంలో వేసుకున్నాడు, బావితో సహా. ముందుమాటలో కొందరు అల్పులు తన రచనను వికృతం చేశారని రాశాడు. ఆ అల్పుల్లో నేను మొదటిదాన్నని చదివిన వాళ్లందరికీ తెలుసు.

తర్వాత కొన్నాళ్లకు నాకు సి.బెళగల్ వైపు బడిలో పని దొరికింది. పాడటం పూర్తిగా మానలేదు, పిల్లల చేత పాడించేదాన్ని. ఒకసారి ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాను. బస్సు నిండిపోయి ఉంది. ఖాళీ ఉన్నది ఒక్క సీటే. దాని పక్కన కిటికీ దగ్గర కూర్చున్నది బజ్జీలామె. ఒళ్లో శనగపిండి మూట. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. వెనక్కి పోదామంటే కండక్టరు, "కూచో తల్లీ, దారికి అడ్డం," అని అరిచాడు. కూర్చున్నాను. ఆమె మూటను నా వైపునుంచి కిటికీ వైపుకు మార్చుకుంది. నేను చీర చెంగు దగ్గరికి లాక్కున్నాను. దారిపొడవునా ఆమె పొలాలు చూసింది, నేను డ్రైవరు వీపు చూశాను. ఎమ్మిగనూరు వచ్చాక ఆమె లేచి, నా మోకాళ్లు దాటుకుంటూ, నా కుడికాలు బలంగా తొక్కి దిగిపోయింది. చూసే తొక్కింది.